పట్టిన చేపను వదలవలెనా?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



"అమెరికా అనుభవములు" అను విషయముపై నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పిల్లలయొద్దకు పోయి ఆరేసి నెలలుండి వచ్చిన పింఛనుదారులకు మన సంఘములో కొదువ లేదు. వారు చూచిన జలపాతమునే నేనును చూచితిని. వారు ఫొటో దిగినచోటనే నేనును దిగితిని. అందుచేత ఆ కథలను మరల చెప్పి మీ కాలము హరింపను. ఒక చిన్న చెరువును గూర్చియు, ఆ చెరువులో చచ్చిన ఒక చేపను గూర్చియు మాత్రము మనవి చేసెదను. ఆ చేపను నేనే చంపితిని. చంపుచున్నానని అప్పుడు నాకు తెలియదు, దయతో వదలుచున్నాననుకొంటిని.

సభలో శాకాహారులు సగమునకు తక్కువ యుండరు. చేపల ప్రసంగమునకు మేమేల యని వారు లేచిపోవలదని ప్రార్థన. వారికిని ఇందు భాగము కలదు.

2018 జనవరిలో నేనును, నా భార్యయు టెక్సాస్ రాష్ట్రములో డల్లాస్ నగరపు శివారున నున్న మా అమ్మాయి యింట నుంటిమి. వారి యింటికి కూతవేటు దూరములో పురపాలక సంఘమువారి ఉద్యానవనమును, అందొక చెరువును కలవు. చెరువనగా మన ప్రాంతపు చెరువులవలె కనుచూపు మేర పరచుకొన్నది కాదు. పెద్ద గుడి కోనేటికి నాలుగింతలుండును. చుట్టును నడకబాట, అక్కడక్కడ బల్లలు, ఎవరికిని భయపడని బాతులు. ఒక శనివారము ఉదయము చూచుసరికి ఆ గట్టున తిరునాళ్లవలె జనము. పిల్లలందరి చేతులలోను గాలపు కర్రలు. కొంతసేపటికి తొట్లు మోయు లారీ యొకటి వచ్చినది. లావుపాటి గొట్టము నీటిలోనికి వంచి, చేపలను చెరువులోనికి జారవిడిచిరి. ఒక్కొక్కటి అడుగునకు కొంచెము తక్కువ పొడవు. వెండివలె మెరయు ఒడలు, ప్రక్కలను గులాబి రంగు చార. అవి రెయిన్‌బో ట్రౌట్ అను జాతి చేపలు.

ఆ రాష్ట్రపు వన్యప్రాణి శాఖవారు ప్రతి సంవత్సరము నవంబరు చివరినుండి మార్చి మొదటివరకు ఊరూర నిట్లు చేపలను వదలుదురు. అవి ఆ నీట పుట్టినవి కావు. పెంపక కేంద్రములలో పెరిగి, లారీ యెక్కి వచ్చినవి. గాలముతో ఎవరైనను పట్టవచ్చును; ఇట్టి చెరువులలో వల వేయరాదు. పెద్దలు రుసుము చెల్లించి అనుమతి పత్రము తీసికొనవలెను. పదునేడేండ్లు నిండని పిల్లలకు ఆ పత్రము అక్కరలేదు. మనిషి యొక్కింటికి దినమునకు అయిదు చేపలు పరిమితి. తీసికొని పోవచ్చును, తిరిగి నీటిలో వదలవచ్చును. అది పట్టినవాని యిష్టము. ఈ "యిష్టము" దగ్గరనే చిక్కంతయు వచ్చినది.

మా ప్రక్కన నొక వృద్ధుడు బకెట్టు పెట్టుకొని కూర్చుండెను. నా యీడువాడే. చేప పడగానే దాని తలపై చిన్న కర్రతో ఒక్క దెబ్బ కొట్టి బకెట్టులో వేయుచుండెను. మేము చేరునప్పటికే మూడు పట్టెను. నాకు రోతయు, కోపమును కలిగినవి. పిల్లల వినోదమునకై వదలిన చేపలను ఇతడిట్లు మూటగట్టుకొని పోవుటేమి? ఆ దేశములో పెద్దమనుషులైన వేటగాండ్రు చేపను పట్టి ముద్దాడి వదలుదురని ఎచ్చటనో చదివియుంటిని. వెంటనే తొమ్మిదేండ్ల మా మనుమనికి జీవకారుణ్యముపై ఉపన్యాసమిచ్చితిని. మనము మాత్రము వదలవలెను, నాయనా, మనకు తినుటకు ఇంట లేదా యని చెప్పితిని. వృద్ధునకు తెలుగు రాదు గాని, నా ముఖము చూచి భావమును గ్రహించియే యుండును.

అరగంటకు వాని బెండు మునిగినది. ఎరగా వేసిన జొన్నగింజను చేప లోతుగా మ్రింగినది. వాడు లాగుటకు చాల సేపు పట్టినది. గాలము ఊడదీయుటకు నేను తంటాలు పడితిని. పిమ్మట ఫొటో. అల్లుడు ఫోను తీయువరకును, మొదటి ఫొటోలో మనుమడు కన్నులు మూసెనని రెండవది తీయువరకును, నేను పొడిచేతులతో చేపను ఎత్తి పట్టుకొనియే యుంటిని. తరువాత నీటిలో వదలి చేతులు దులుపుకొంటిని. చేప నాలుగు బారలు పోయినది; వెనుకకు తిరిగినది; ఒక ప్రక్కకు ఒరిగినది. కొంతసేపటికి తెల్లని కడుపు పైకి వచ్చినది.

ఆ వృద్ధుడు తన చేతివలతో దానిని గట్టునకు చేర్చి, మనుమని ముందు పెట్టెను. మాకు వద్దని చేయి ఊపితిని. ఆయన ఒక క్షణము నావంక చూచి, చేపను తన బకెట్టులో వేసికొని, కర్ర మడిచి వెడలిపోయెను. అది ఆయన లెక్కకు అయిదవది. ఇంకొకటి పట్టుటకు ఆయన కధికారము లేదు. నేను పాడుచేసిన చేప ఆయన వాటాలో చెల్లినది.

"తాతయ్యా, వదిలేశాం కదా, మరి ఎందుకు చచ్చిపోయింది?" అని మనుమడడిగెను.

ముప్పదియారు సంవత్సరములు లెక్కల తనిఖీలో గడపిన నాకు, అడిగిన ప్రశ్నకు జవాబులేకుండ నోరు మూసికొనుట అలవాటు లేదు. ఆనాడు మూసికొంటిని. ఆ రాత్రినుండి చదువనారంభించితిని.

మొదట తెలిసిన సంగతి యిది. ట్రౌట్ చలినీటి చేప. నీరు పండ్రెండు మొదలు పదునారు డిగ్రీల సెల్సియస్ నున్నప్పుడు దానికి సుఖము. ఇరువది దాటిన కొలది దానికి ఆయాసము. ఇరువదియైదు సమీపించిన ప్రాణాంతకము. నీరు వేడెక్కిన కొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును: పది డిగ్రీల వద్ద లీటరు నీటిలో పదునొకండు మిల్లీగ్రాములకు పైగా నిలుచును, ముప్పది డిగ్రీల వద్ద ఏడున్నరయే నిలుచును. వేడిలో చేపకు గాలి ఎక్కువ కావలెను. నీటిలో చూడబోయిన తక్కువ. డల్లాస్ వేసవి మన విజయవాడ వేసవికి చెల్లెలు. జనవరిలో వదలిన ట్రౌట్ ఆ చెరువులో వేసవి దాటుట కల్ల. గ్రుడ్లు పెట్టుటకు దానికి చల్లని పారునీరు, శుభ్రమైన గులకరాళ్ల అడుగు కావలెను. ఉద్యానవనపు చెరువులో ఆ రెండును లేవు. అనగా ఆ చేపకు ఆ చెరువులో సంతతి లేదు, రాబోవు సంవత్సరము లేదు. పట్టి తినుటకే సర్కారువారు దానిని అచట వేసిరి.

మన సభికులకు ఈ సంగతి ఇంకొక భాషలో చెప్పిన తేలికగా తెలియును. మార్చి 31వ తేదీలోపల ఖర్చు పెట్టని గ్రాంటు ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. దానిని మిగిల్చితినని గర్వించు అధికారి పొదుపరి కాడు. ఆ డబ్బు మరుసటి ఏటికి రాదు. ఆ చెరువులోని ట్రౌట్ అట్టి గ్రాంటు.

రెండవ సంగతి గాలమును, గాలియును. 1992లో ఫెర్గూసన్, టఫ్ట్స్ అను ఇద్దరు కెనడా పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్ చేపలను అలసిపోవువరకు తొట్టిలో తరిమి చూచిరి. అలసట మాత్రమే పొందినవానిలో నూటికి పండ్రెండు చచ్చినవి. అలసిన పిమ్మట అర నిమిషము గాలిలో ఉంచినవానిలో ముప్పదియెనిమిది. ఒక నిమిషముంచినవానిలో డెబ్బదిరెండు. ఇవి తొట్టిలో మిక్కిలి కఠినముగా అలయింపబడిన చేపలు. ప్రతి వేటగాని చేప యిట్లే చచ్చుననరాదు. కాని రెండు ఫొటోలకు ఒక నిమిషము చాలదు గదా! గింజయో, వానపామో ఎరగా వేసినచో చేప గాలమును గొంతువరకు మ్రింగును. అట్టి ఎరతో పట్టి వదలినవానిలో సుమారు మూడవవంతు చచ్చునని పలు పరిశీలనలు కలిపి చూచినవారు చెప్పుదురు. ఈకలతో కట్టిన కృత్రిమపు ఈగతో పట్టినవానిలో చచ్చునవి నూటికి అయిదుకంటె తక్కువ. పెదవికి తగులుటకును, గొంతులో దిగుటకును అంత భేదము.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసితిని. ఒకడు ఎరతో పది చేపలు పట్టి పదింటిని వదలి, చేతులకు నెత్తురంటలేదని తృప్తితో ఇంటికి పోవును. మరియొకడు రెండు పట్టి, రెంటిని చంపి, కర్ర మడిచి పోవును. మొదటివాని వెనుక మూడు చేపలు చచ్చును. అవి ఎవరి కంచములోను పడవు. రెండవవాని ఖాతాలో రెండే. పుణ్యమెవరిదో మీరే నిర్ణయింపుడు. వదలుట అను మాటలోనే మనకు కొంత పుణ్యము వినిపించును. కోనేటి చేపలకు మరమరాలు వేసి పెరిగినవారము. అందుచేతనే నేను మోసపోయితిని.

నిజమునకు నేను మోసపోవలసిన పని లేదు. ప్రకాశం జిల్లాలో మా ఊరి చెరువు వానచెరువు. వానలకు నిండును, చైత్రమునకు అడుగంటును. చేపల పాట పాడుకొన్నవారు వానకాలములో బొచ్చె, రాగండి పిల్లలను తెచ్చి వదలెడివారు. నీరు మోకాటిలోతునకు దిగిన దినమున ఊరంతయు చెరువులోనే. వలలు, బుట్టలు, పంచెలు, దొరకినది దొరకినట్లు. ఒక్క కొరమీను మాత్రము పైగాలి పీల్చి కొంతకాలము బురదలో దాగి బ్రతుకనేర్చినది. తక్కినవానికి ఆ యెండలో గతి లేదు. ఆ దినమున రాగండిని పట్టి, పాపమని తిరిగి బురదలో వదలువానిని చూచి మా ఊరివారు నవ్వెడివారు. అదే నేను డల్లాసులో చేసితిని; నవ్వుటకు అచట మా ఊరివారు లేకపోయిరి.

అయినచో వదలుట యెల్లప్పుడును తెలివితక్కువ పనియేనా? కాదు. ఇందుకు నేను మన దేశమునకే రావలెను.

1994లో ఆఫీసు పనిమీద హిమాచల ప్రదేశములోని కులూ జిల్లాకు పోయినప్పుడు తీర్థన్ నది గట్టున రెండు దినములు బస చేసితిని. ఆ నదిలోని బ్రౌన్ ట్రౌట్ కూడ పరదేశపుదే. 1899లో బ్రిటనునుండి కాశ్మీరమునకు తెచ్చిన గ్రుడ్లు దారిలోనే చెడిపోయెను. 1900లో మరల తెచ్చినవి నిలిచెను. కాశ్మీరమునుండి 1909లో కులూకు వచ్చెను. మన తెలుగు జిల్లాలు కూడ చేరియున్న నాటి మద్రాసు రాజధానిలో నీలగిరులపై ఈ ప్రయత్నము అంతకు ముందే జరిగెను. 1863లో ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు చేసిన యత్నము విఫలమై, ఇరువదవ శతాబ్దపు తొలి దినములలో విల్సన్ అను నిపుణుని కాలమున రెయిన్‌బో ట్రౌట్ అచట స్థిరపడినది. ఈ చేపల కథ వేరే సభకు చాలును.

తీర్థన్ సంగతి వేరు. మంచు కరగి వచ్చు నీరు వేసవిలోను చల్లగానే యుండును. చేప అచటనే గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును. కిలో బరువుగల ఆడచేప ఒక్క కార్తెలో వేయికి పైగా గ్రుడ్లు విడుచును. అందుచేతనే నవంబరునుండి ఫిబ్రవరి చివరివరకు అచట ట్రౌట్ వేట నిషిద్ధము. కొన్నేండ్ల తరువాత ఆ నదిపై జలవిద్యుత్ కేంద్రములు కట్టరాదని నిర్ణయించినప్పుడు, ఈ చేపయు అందులకొక కారణమైనది. అట్టి నీటిలో నెలవెరిగినవాడు ముల్లు లేని గాలముతో పట్టి, చేయి తడిపి, చేపను నీటిలోనే ఉంచి గాలము తప్పించి వదలినచో అది మరుసటి ఏటికి పెట్టుబడి. గ్రాంటు కాదు, ప్రావిడెంటు ఫండు. అసలును కదపక వడ్డీతో బ్రతుకుట వంటిది. ఒకటి మాత్రము చెప్పక తప్పదు: ఆ నదులలో మొదటినుండి యున్న దేశవాళీ చేపలకు ఈ అతిథి వలన మేలు జరుగలేదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అతిథిని నిలుపుటకు చూపు శ్రద్ధలో కొంత ఇంటివానికిని చూపవలసియున్నది.

అయినను ఇది మన దేశము, అది వారి దేశము అని విభజింపరాదు. టెక్సాసులోనే గ్వాడలూపె అను నది కలదు. 1964లో దానిపై కాన్యన్ అను ఆనకట్ట పూర్తి చేసిరి. జలాశయపు అడుగునుండి వచ్చు చల్లని నీటివలన దాని దిగువను కొంత దూరము ట్రౌట్ వేసవి దాటి బ్రతుకును. అచట కొన్ని భాగములలో పదునెనిమిది అంగుళములకు పైబడిన చేపను, అదియు దినమునకొక్కదానినే తీసికొనవలెనని, కృత్రిమపు ఎరలనే వాడవలెనని నిబంధనలు చేసిరి. రాష్ట్రమొకటే, శాఖ యొకటే, లారీ తెచ్చు చేప యొకటే. నీరు మారగా న్యాయము మారినది. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక సర్క్యులరు చదివి అన్ని కార్యాలయములకును అదే వర్తించుననుకొనెడివాడను; పై అధికారి దాని పైభాగమున "ఎవరికి" అని వ్రాసియున్న పంక్తిని వ్రేలితో చూపెడివారు.

మా అల్లుడు ఈ మాటలన్నియు విని, "అది సరే మామయ్యగారూ, మొదటి రోజే నలుగురు బకెట్లు నింపుకుపోతే, వచ్చే వారం వచ్చే పిల్లాడికి ఏం మిగులుతుంది?" అని అడిగెను. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. జనవరి చలిలో, పెదవికి మాత్రమే తగిలిన చేపను నీటినుండి ఎత్తకుండ వదలినచో, అది చాలవరకు బ్రతికి రేపు మరియొక బిడ్డ గాలమునకు దక్కును. అట్లు వదలువానిని నేను తప్పు పట్టను. అతడు చేపపై దయతో గాక పొరుగు పిల్లవానిపై దయతో వదలుచున్నాడు. ఆ దయ నిజమైనది. కాని అయిదను పరిమితి యుద్దేశము కూడ అదియే గదా. పరిమితి మీరి రెండవ బకెట్టు కారులో దాచువానిని గూర్చి కోపగింపుడు. ఆ వృద్ధుడు మీరలేదు. నాచేత చచ్చినదానిని కూడ లెక్కలో చూపుకొనెను. నేను తనిఖీ చేసిన కార్యాలయములలో అంత శుభ్రమైన ఖాతా అరుదుగా చూచితిని.

ఇక శాకాహారుల భాగము. తిననివాడు ఆటకై పట్టి వదలుట మేలా, తినువాడు పట్టుట మేలా? స్విట్జర్లండు ప్రభుత్వము 2008 నాటి జంతుసంరక్షణ నిబంధనలలో, వదలవలెనను ఉద్దేశముతోనే చేపలు పట్టుటను నిషేధించినది. తినుటకు గానిచో ఆ ప్రాణిని ఏల బాధింపవలెనని వారి ప్రశ్న. ఈ ప్రశ్న మన శాకాహార సోదరులు ఎన్నడో వేసినదే. దానికి పూర్తి సమాధానము నాయొద్ద లేదు. గట్టున బిడ్డతో కూర్చుండి నీటిని చూచుటలోని సుఖము నేనెరుగుదును. ఆ సుఖమునకు చేప చెల్లించు మూల్యమును కూడ ఇప్పుడెరుగుదును. నేను చేరిన నిర్ణయమొక్కటే: వేసవి దాటని చెరువులో, తినదలచినన్ని పట్టి, తలపై ఒక్క దెబ్బతో బాధ ముగించి, పట్టుట ఆపవలెను. తినదలపనివాడు గాలము వేయకుండుటయే మేలు. అక్కడ బాతులున్నవి, చూడవచ్చును.

2020 జనవరిలో మరల పోయితిమి. మనుమనికి పదునొకండేండ్లు. లారీ వచ్చిన శనివారము వాడే నన్ను లేపెను. వృద్ధుడు అదే బల్లపై, అదే బకెట్టుతో నుండెను. ఈమారు నేను ముందుగా చేయి చాపితిని. రెండేండ్ల క్రిందటి నా ముఖమును ఆయన మరచెనో, మరచినట్లు నటించెనో తెలియదు. మనుమడు రెండు చేపలు పట్టుసరికి పది గంటలైనది. ఆయనయే వానికి చేపను ఎట్లు పట్టుకొనవలెనో, కర్రతో ఎచ్చట కొట్టవలెనో, కడుపు చీల్చి మొప్పలు ఎట్లు తీయవలెనో చూపెను. వాడు ముఖము త్రిప్పుకొనలేదు. నేను త్రిప్పుకొంటిని.

"ఇంకా మూడు పట్టొచ్చురా" అని అల్లుడనెను.

"అమ్మమ్మ రెండే చాలంది" అని వాడు తీగ చుట్టుకొనెను.

ఇంటికి పోయిన పిమ్మట మా యావిడ ఉప్పు, పసుపు, కారము పట్టించి వేయించినది. పులుసు పెట్టుమని నేనంటిని. ఆ మెత్తని చేప పులుసుకు నిలువదని ఆమె వినలేదు. తోకముక్కకై మనుమడును, నేనును పోటీపడితిమి. వాడే గెలిచెను.